వుజూ నీళ్లు కొలిచిన తొమ్మిదో తరగతి

(దృశ్యం: స్కూల్ వుజూఖానా, అంటే నమాజ్‌కి ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని వుజూ చేసే చోటు. కుళాయి కింద బకెట్.)

అస్సలాము అలైకుమ్. అందరికీ నమస్కారం.

"నీళ్లు వృథా చేయకూడదు" అని పద్నాలుగేళ్ల పిల్లాడికి చెప్పి చూడండి. బుద్ధిగా తలూపుతాడు. మధ్యాహ్నం జుహర్ నమాజ్ వేళకి వెళ్లి కుళాయి బార్లా తిప్పేస్తాడు. అందుకే మా స్కూల్లో ఇస్రాఫ్, అంటే దుబారా, పాఠాన్ని బకెట్‌తో మొదలుపెట్టాం.

పని చాలా చిన్నది. రోజూ చేసే తీరులోనే వుజూ చేయాలి. బకెట్లో పడ్డ నీళ్లు లీటరు మగ్గుతో కొలిచి నోట్‌బుక్‌లో రాయాలి.

అంకెలన్నీ రాశాకే హదీసు, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం, చెప్పాను. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక్క ముద్ద్ నీటితో వుజూ చేసేవారని బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఉంది. ముద్ద్ అంటే రెండు చేతులా పట్టిన దోసెడు. లెక్కల్లో కొద్దిపాటి తేడాలున్నా, సుమారు ముప్పావు లీటరు అంటారు.

(దగ్గరి దృశ్యం: లీటరు బాటిల్ మీద ముప్పావు దగ్గర పెన్ను గీత.)

ఆ గీత దాకా నీళ్లు పోసుకుని ప్రయత్నించారు. మొదటి రోజు చాలామందికి కాళ్ల దగ్గరికి వచ్చేసరికి బాటిల్ ఖాళీ! నాలుగైదు రోజులకి చేయి కుదిరింది.

ఇక్కడ నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఒకబ్బాయి తన అంకె రెండు లీటర్లు తగ్గించి రాశాడు. రెండు రోజులాగి తనే వచ్చి, "సార్, అది దిద్దాలి" అన్నాడు. నేనేమీ అడగకుండా పెన్ను ఇచ్చాను. పొదుపు నేర్పుదామని మొదలుపెడితే, అమానత్, అంటే నమ్మకాన్ని నిలబెట్టుకునే నిజాయితీ, ఏమిటో వాడే చూపించాడు. మార్కులు పెట్టి ఉంటే ఆ దిద్దుబాటు వచ్చేది కాదని నా నమ్మకం. టీచర్లూ, దయచేసి ఇలాంటి పనులకి మార్కులు వేయకండి.

తర్వాత వుజూ నీళ్లని పైపు వేసి ప్రహరీ బయటికి మళ్లించాం. సబ్బు కలవని నీళ్లు కాబట్టి మొక్కలకి ఇబ్బంది లేదు. మునగ, జామ నాటాం. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తింటే అది సదఖా, అంటే దానం, అవుతుందని హదీసు.

కాయలు ఎవరు కోసుకోవచ్చని క్లాసులో పెద్ద వాదనే నడిచింది. మా వీధిలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఒకమ్మాయి లేచి, "హదీసులో మనిషి అనే ఉంది కదా సార్, ఫలానా మనిషి అని లేదుగా" అంది. వాదన అక్కడితో ఆగిపోయింది.

(చివరి దృశ్యం: ప్రహరీ బయట మునగచెట్టు. ఇస్త్రీ బండి ఆయన కొమ్మ వంచి రెండు కాయలు తెంపుకుంటున్నాడు.)