రోగి ‘ఎ బిట్ వర్రీడ్’ అన్నప్పుడు

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, అధ్యాపకులకు, ఫైనలియర్ నర్సింగ్ విద్యార్థులందరికీ నమస్కారం.

బ్రిటన్ లాంటి దేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీని మీలో చాలామంది రాయబోతున్నారని విన్నాను. అందులో స్పీకింగ్ అంటే రెండు రోల్‌ప్లేలు, ఒక్కోటి 5 నిమిషాలు. మీరు నర్సు, ఎదుటివారు రోగి, లేదా రోగి తాలూకు మనిషి. ఎదుటి మనిషి భయపడుతూనో దిగులుపడుతూనో ఉండే సందర్భాలు అందులో బాగా వస్తాయి. అందుకే ఇవాళ ఆ రెండింటినీ ఇంగ్లిష్‌లో ఎలా చెప్పుకుంటారో మాట్లాడదామని వచ్చాను.

ఆ మధ్య ఒక అమ్మాయితో ప్రాక్టీసు చేయించాను. నేను రోగిని. రేపటి ఆపరేషన్ గురించి ‘అయామ్ ఎ బిట్ వర్రీడ్’ అన్నాను. తను ఎంతో ప్రేమగా ‘డోంట్ టేక్ టెన్షన్, నథింగ్ విల్ హాపెన్’ అంది. మన ఇళ్లలో అమ్మ అనే మాటే అది: ‘టెన్షన్ పడకు, ఏం కాదులే.’ తెలుగులో ఆ మాట మనిషికి ధైర్యమిస్తుంది. కానీ బ్రిటన్‌లో టెన్షన్‌ను ఎవరూ ‘తీసుకోరు’. కండరాలు బిగుసుకున్నా, ఇద్దరి మధ్య వాతావరణం బిగుసుకున్నా టెన్షన్ అంటారు. ఇక ‘నథింగ్ విల్ హాపెన్’ అంటే, ఆపరేషనే జరగదని అర్థం చేసుకున్నా ఆశ్చర్యం లేదు.

అంతకన్నా ముఖ్యం, ఆ ‘ఎ బిట్’. మనవాళ్లు గుండె గుభేలుమంది అంటారు, కాళ్లూ చేతులూ ఆడలేదంటారు, పై ప్రాణాలు పైనే పోయాయంటారు. అంత భయమూ పడుతున్న బ్రిటిష్ పెద్దాయన ‘ఎ బిట్ వర్రీడ్’ అని ఊరుకోవచ్చు. తగ్గించి చెప్పడం అక్కడ చాలామందికి అలవాటు. మాట చిన్నదని భయం కూడా చిన్నదే అనుకోకండి.

అసలు వర్రీ చిన్న మాట కానే కాదు. పాత ఇంగ్లిష్‌లో దాని అర్థం గొంతు నులమడం. కుక్క గొర్రె మెడ పట్టుకుని విదిలించడాన్ని వర్రీ అనేవారు. పశువుల మీద పడే కుక్కల గురించి బ్రిటన్‌లో 1953లో వచ్చిన చట్టంలోనూ ఆ మాటే ఉంది. మనసును పట్టి పీడించడమనే అర్థం తర్వాత వచ్చింది. యాంగ్షస్ కూడా అలాంటిదే. లాటిన్‌లో బిగించడం, నొక్కడం అనే మాట నుంచి పుట్టింది. మీరు రోజూ వినే యాంజైనా దీని చుట్టమే. ఛాతీ పట్టేసిన మనిషికీ, ఆందోళన పట్టేసిన మనిషికీ ఒకే కుటుంబంలోని మాటలు. ఇది తెలిసినప్పటి నుంచి నాకు ఆ రెండు మాటలూ తేలిగ్గా నోట్లోంచి రావడం లేదు.

రోగి ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే ఫారం మీకు అక్కడ కనిపించవచ్చు. 2006లో వచ్చింది. గత 2 వారాల గురించి 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. మొదటి ప్రశ్నలోనే నర్వస్, యాంగ్షస్, ఆన్ ఎడ్జ్ అని మూడు మాటలుంటాయి. నర్వస్ అంటే ఇంటర్వ్యూ ముందు పడే కంగారు లాంటిది. ఆన్ ఎడ్జ్ అంటే తలుపు చప్పుడుకే ఉలిక్కిపడే స్థితి. రెండో ప్రశ్న ఆగకుండా బుర్రలో తిరిగే వర్రీ గురించి. మన దిగులు, బెంగ దీనికి దగ్గర. చివరి ప్రశ్నలో అఫ్రెయిడ్ వస్తుంది, ఏదో ఘోరం జరగబోతోందన్న భయం. మనం వీటన్నిటినీ ‘టెన్షన్’లో కలిపేస్తున్నాం. ఆ ఫారం మాత్రం కంగారును, ఆగని దిగులును, భయాన్ని వేర్వేరు ప్రశ్నల్లో అడుగుతుంది.

స్కేర్డ్ అంటే మామూలు భయం, పిల్లలూ పెద్దలూ అందరూ అనే మాట. టెరిఫైడ్ అంటే హడలిపోవడం. టెరిఫిక్ అంటే మాత్రం బ్రహ్మాండం, ఆ రెండూ కలిపేయకండి. హారిఫైడ్‌లో భయం కన్నా దిగ్భ్రాంతి, రోత ఎక్కువ. హారర్‌కు లాటిన్ మూలం వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. మన హర్షం కూడా ఆ లాటిన్ మాటకు చుట్టమే. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు వణుకుతూ ‘రోమహర్షశ్చ జాయతే’ అంటాడు. చివరి అధ్యాయంలో సంజయుడు అదే రోమహర్షణాన్ని ఆనందంతో చెబుతాడు. ఒళ్లు జలదరించడం ఒకటే, కారణాలు వేరు.

‘అయామ్ అఫ్రెయిడ్’తో ఒక చిక్కుంది. సిస్టర్ వచ్చి ‘అయామ్ అఫ్రెయిడ్ విజిటింగ్ టైమ్ ఈజ్ ఓవర్’ అంటే ఆవిడకు భయమేమీ లేదు. ‘ఏమీ అనుకోకండి, సమయం అయిపోయింది’ అంటోంది. డాక్టరు అదే మాటతో మొదలుపెడితే మాత్రం చెడువార్త రాబోతోందేమోనని రోగి అప్పటికే బిగుసుకుపోతాడు. ఆ సమయంలో రోగి పక్కన మీరుండాలి.

మరి రోగికి ఏం జవాబివ్వాలి? ‘డోంట్ వర్రీ’ అనగానే అతను నోరు మూసుకుంటాడు. అతని మాటనే తీసుకుని అతన్నే అడగండి: ‘వాట్స్ వర్రీయింగ్ యూ మోస్ట్?’ అడిగాక ఆగండి. మత్తు నుంచి లేవనేమో అన్న భయం కావచ్చు, ఇంట్లో ఒంటరిగా ఉన్న భార్య గురించి కావచ్చు. అది తెలిశాకే మీరు చెప్పేది అతనికి పనికొస్తుంది.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చోండి. కిటికీ వైపు ఉన్నవాళ్లు రోగులు. మొదటి వాక్యం: ‘అయామ్ ఎ బిట్ వర్రీడ్ అబౌట్ టుమారో, సిస్టర్.’