కిలోమీటరు లెక్కన, బరువును బట్టి

అందరికీ నమస్కారం.

బండి కొన్నప్పుడు ఒక పన్ను, రిజిస్ట్రేషన్‌కు ఇంకొకటి, ఆయిల్ పోయించినప్పుడల్లా మరొకటి, ఆపైన టోలు. ఏడాదికి మొత్తం ఎంత కడుతున్నావని అడిగితే ఎవరూ ఠక్కున చెప్పలేరు. వసూలు చేసేవాళ్లకు ఇది మహా సుఖం. నా అభ్యంతరం అక్కడే. వీటన్నిటి బదులు, బండి తిరిగిన కిలోమీటర్ల లెక్కన, దాని బరువును బట్టి ఒకే పన్ను ఉండాలంటాను.

వీటిలో కాస్త మర్యాదగా ఉన్నది పెట్రోలు పన్ను. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1919లో గ్యాలనుకు ఒక సెంటు చొప్పున దీన్ని మొదలుపెట్టింది. ఎక్కువ తిరిగినవాడు ఎక్కువ కడతాడు. బండివాడు ఫారాలు నింపక్కర్లేదు, ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. అవి బంకు మొహం చూడవు. కొత్త కారు కొనే స్తోమత లేక పాతదాన్నే నెట్టుకొస్తున్నవాడు లీటరు లీటరుకూ కడుతుంటే, పక్కనే ఖరీదైన బ్యాటరీ కారు ఆ పన్ను లేకుండా వెళ్లిపోతోంది. ప్రోత్సాహం కింద కొన్నాళ్లు సరే, ఎల్లకాలం ఎలా?

అసలు పేచీ బరువు దగ్గర ఉంది. 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయిలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువులతో లారీలు తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లని తేలింది. లారీ తాగే డీజిల్ మాత్రం 16 రెట్లు పెరగదు కదా! అంటే లారీ పాడుచేసిన రోడ్డుకు చాలావరకు కారువాళ్లూ, స్కూటరువాళ్లూ కడుతున్నారు. లారీల మీద వేస్తే సరుకుల ధరలు పెరుగుతాయంటారు. పెరుగుతాయి. ఆ ఖర్చు ఇప్పుడూ మనమే మోస్తున్నాం, బిల్లులో కనబడదు, అంతే.

న్యూజిలాండ్‌లో డీజిల్ బండి ఉన్నవాళ్లు కిలోమీటర్లు ముందే కొనుక్కుంటారు, వెయ్యేసి చొప్పున. ఏ రీడింగు నుంచి ఏ రీడింగు దాకా కట్టారో చీటీ మీద ఉంటుంది. లారీలకు బరువును, ఇరుసులను బట్టి రేటు మారుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకూ ఇదే పద్ధతి. ఐస్‌లాండ్ కూడా అదే ఏడాది ఎలక్ట్రిక్ కార్లకు కిలోమీటరు లెక్క పెట్టింది.

మేమెక్కడికి వెళ్తే ప్రభుత్వానికెందుకు అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. మీటరు రీడింగు చాలు, జీపీఎస్ అక్కర్లేదు. మీటరు వెనక్కి తిప్పే ఘనులూ ఉంటారు. ఫిట్‌నెస్ పరీక్షలోనూ, బండి చేతులు మారినప్పుడూ రీడింగు రాసుకుని పోల్చి చూస్తే చాలామంది దొరికిపోతారు.

రద్దీకి వేసే రుసుము వేరే సంగతి. సింగపూర్ 1975 నుంచీ, లండన్ 2003 నుంచీ వసూలు చేస్తున్నాయి. దాన్ని ఇందులో కలపొద్దు.

ఒక్క షరతు. ఈ కిలోమీటరు పన్ను తెచ్చిన రోజే పాత పన్నులు పోవాలి. వాటిని ఉంచి దీన్ని నెత్తిన పెడితే మొదట వ్యతిరేకించేది నేనే. బస్సు లేని ఊళ్లవాళ్లు ఎక్కువ తిరగాలి కదా అంటే, పెట్రోలు పన్నులో వాళ్లు ఇప్పటికే ఎక్కువ కడుతున్నారు. వాళ్లకు తగ్గించాలనుకుంటే రేటులోనే, అందరికీ కనబడేలా తగ్గించండి. దానికోసం ఇంకో స్కీమూ, ఇంకో ఫారమూ పెట్టకండి.