రెండు కలంకారీ చీరలు: 650 రూపాయలది, 2,100ది | రివ్యూ

నమస్తే అండీ. టేబుల్ మీద రెండు చీరలున్నాయి చూడండి. రెండూ కలంకారీ, అంటే చేత్తో అద్దకం వేసిన బట్ట, అనే అమ్మారు. ఎడమవైపుది ఆన్‌లైన్‌లో 650కి వచ్చింది. కుడివైపుది 2,100, కృష్ణా జిల్లా పెడన వెళ్లి, అద్దకం వేసే షెడ్డులోనే తీసుకున్నాను.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నా. 650 చీర అంచు మీద తీగ ఎక్కడా తప్పదు, ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటే గీత. ఇప్పుడు రెండోది. ఇదిగో, ఇక్కడ ఆకు తొడిమ వెంట్రుకవాసి పక్కకి జరిగింది, కనిపించిందా? ఒక అచ్చు ఎత్తి పక్కన మళ్లీ పెట్టిన చోటు అది. టేకు చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దితే ఇలాగే పడుతుంది. దీన్ని డ్యామేజ్ అని రిటర్న్ పెట్టకండి బాబూ.

మొదటిది స్క్రీన్ ప్రింటు, అంటే అచ్చు గుద్దకుండా జాలీ గుండా రంగు దించింది. స్క్రీన్ ప్రింటు వేయడం నేరమేం కాదు. కలంకారీ అని చెప్పి అమ్మడంతోనే నాకు పేచీ.

ఇప్పుడు రంగు చూద్దాం. రెండిటి జాకెట్ ముక్కల కొసన నిమ్మరసం ఒక్కో చుక్క వేస్తున్నా. కాసేపు ఆగాలి... చూడండి, 650 దాని నలుపు అలాగే ఉంది. పెడన దాని నలుపు పలచబడి గోధుమరంగుకి దిగింది. అయ్యో అనుకోకండి, నాకు కావాల్సింది అదే! తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నీళ్లలో ఊరబెడితే వచ్చే ద్రావణంతో వేసిన నలుపు అది. గుడ్డని ముందే కరక్కాయ నీళ్లలో తడిపి ఉంచుతారు. ఈ ద్రావణం తగలగానే నల్లబడుతుంది. పులుపు తగిలితే ఆ నలుపు విరిగిపోతుంది.

ఎరుపు దగ్గర మాత్రం కొంచెం నిదానించాలి. పటికతో అద్ది, మంజిష్ఠలాంటి వేళ్లతో ఉడికించడం పాత పద్ధతి. ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ పొడి వాడతారు, అది ఫ్యాక్టరీ సరుకే. "మీ ఎరుపు దేనిదండీ?" అని అడిగితే, షెడ్డు పెద్దాయన నవ్వి, "పొడేనమ్మా" అన్నారు. దాచకుండా చెప్పినందుకు నా దగ్గర ఒక మార్కు ఎక్కువే.

గుడ్డ కూడా మిల్లుదే. ఇక్కడ చాలామంది పొరబడతారు. అద్దకం చేతిదైనంత మాత్రాన గుడ్డ చేనేత అయిపోదు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్, అంటే చేనేత బట్టకి వేసే ప్రభుత్వ ముద్ర, నేత గురించి చెబుతుంది కానీ రంగు గురించి చెప్పదు. కాబట్టి కొనేటప్పుడు రెండూ విడివిడిగా అడగండి.

నాకు నచ్చనిది, చీరతో వచ్చిన అట్టముక్క. "పర్యావరణహితం" అని పెద్దక్షరాల్లో కొట్టారు. కట్టెల మంట మీద ఉడకబెట్టి, పారే నీళ్లలో మళ్లీ మళ్లీ జాడించే పని ఇది. ఆ మాట కాస్త తగ్గించి రాసుండొచ్చు. అద్దినవాళ్ల కూలి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేనే అడిగితే, లెక్క మీటర్ల మీద అన్నారు. వాన పట్టిందంటే గుడ్డ ఎండదు, పని ఆగుతుంది, ఆ రోజు కూలీ ఉండదు. బేరం ఆడదామని వెళ్లినదాన్ని, అది విన్నాక నోరు మెదపలేదు.

రంగు, చేతిపని వరకు 10కి 8 ఇస్తాను. ఆ అట్టముక్కకి 3. ఉతకడానికి చల్లనీళ్లు, కుంకుడు రసం చాలు, నీడన ఆరేయండి. నిమ్మకాయ పులిహోర కలిపే రోజు మాత్రం ఈ చీర కట్టుకోకండి.