థార్‌కి బాడీ లిఫ్ట్: పెరిగే ఎత్తు ఎక్కడ?

యాంకర్: నమస్కారం. లిఫ్ట్ పనులు చేసే మెకానిక్ ఒకరు, ఆఫ్‌రోడ్ డ్రైవింగ్ నేర్పే శిక్షకుడు ఒకరు ఈ రోజు స్టూడియోలో ఉన్నారు. సార్, ముందు మీరు చెప్పండి. మహీంద్రా థార్‌కి 2 అంగుళాల బాడీ లిఫ్ట్ వేయిస్తే బండి అడుగు రాళ్లకు తగలడం తగ్గుతుందా?

శిక్షకుడు: తగ్గదండీ. చాలామంది పొరబడేది ఇక్కడే. షాసీకీ (బండి అడుగు చట్రానికీ) బాడీకీ మధ్య ఉన్న రబ్బరు మౌంట్ల దగ్గర దిమ్మలు పెట్టి బాడీని పైకి లేపడమే బాడీ లిఫ్ట్. షాసీ, యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) ఎక్కడివక్కడే ఉంటాయి. థార్ గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. లిఫ్ట్ వేశాక కూడా అంతే. బంపర్ షాసీకి బిగించి ఉంటే అప్రోచ్ యాంగిలూ (ముందు బంపర్ తగలకుండా ఎక్కగలిగే వాలు) మారదు.

యాంకర్: మరి ఇంత ఖర్చు దేనికి?

మెకానిక్: పెద్ద టైర్ల కోసం మేడమ్. 18 అంగుళాల రిమ్ మీద కంపెనీ ఇచ్చే 255/65 టైరు వ్యాసం దాదాపు 789 మి.మీ. అదే రిమ్‌కి 285/65 వేస్తే 828. తేడా 39, కానీ డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండే గేర్ల గుండు) కింద పెరిగేది అందులో సగమే. గుంతలో చక్రం పైకి వచ్చినప్పుడు ఆ టైరు మడ్‌గార్డ్‌ని కొట్టకుండా చోటిచ్చేదే బాడీ లిఫ్ట్. పెద్ద టైరుతో మీటర్ 100 చూపిస్తే బండి దాదాపు 105లో పోతుంటుంది, అదొకటి గుర్తుంచుకోవాలి.

శిక్షకుడు: స్టీరింగ్ పూర్తిగా కొట్టినప్పుడు టైరు షాసీకో కంట్రోల్ ఆర్మ్‌కో (చక్రాన్ని షాసీకి కలిపే చేతికో) రాసుకుంటోందంటే మాత్రం బాడీ లిఫ్ట్ చేయగలిగింది ఏమీ లేదు. అది రిమ్ ఆఫ్‌సెట్‌తో, అంటే చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందనే కొలతతో చూసుకోవాల్సిన పని.

యాంకర్: సస్పెన్షన్ లిఫ్ట్ వేయిస్తే, అంటే స్ప్రింగుల దగ్గరే ఎత్తు పెంచితే, అన్నీ కలిసి వస్తాయి కదా?

శిక్షకుడు: అన్నీ రావు. థార్‌కి వెనక ఉన్నది సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు. అక్కడ డిఫరెన్షియల్ ఎత్తు పెంచేది టైరు ఒక్కటే, ఏ లిఫ్టూ కాదు. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) కాబట్టి ఎత్తు పెంచేకొద్దీ సీవీ జాయింట్ల (ముందు చక్రాలకు శక్తిని అందించే కీళ్ల) వంపు పెరిగి వాటి మీది రబ్బరు తొడుగులు చిరుగుతాయి, అలైన్‌మెంట్ తప్పుతుంది. బాడీ లిఫ్ట్ వీటి జోలికి పోదు. దానిలో నాకు నచ్చే గుణం నిజానికి ఇదొక్కటే.

యాంకర్: బిగించేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది?

మెకానిక్: తుప్పు పట్టిన బోల్టుల దగ్గర. ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నాననివ్వాలి. బలవంతంగా తిప్పితే లోపలి కేజ్ నట్టు ఊడి బోల్టుతోపాటు తిరుగుతుంది, ఇక ఫ్లోర్ కోయాల్సిందే. బ్యాటరీ నెగటివ్ తీసి, అన్ని బోల్టులూ వదులు చేసి, ఒక పక్కవి మాత్రమే పూర్తిగా తీయాలి. జాకీ మీద పొడవాటి చెక్క వేసి బాడీ అంచు కింద కొంచెం కొంచెంగా లేపాలి. ఆ సమయంలో ఒక మనిషి ఇంజిన్ గదిలోనూ బండి పక్కలనూ చూస్తూ ఉండాలి: ఎర్త్ వైరు, బ్రేక్ పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ఇంధనం పోసే గొట్టం, వీటిలో ఏది బిగిసినా అక్కడే ఆపాలి.

యాంకర్: బోల్టులు పాతవే వాడొచ్చా?

మెకానిక్: అస్సలు వద్దు. దిమ్మ ఎంత ఎత్తుంటే బోల్టు అంత పొడవు పెరగాలి, బలాన్ని చెప్పే గ్రేడ్ 10.9 ఉండాలి. లేకపోతే రెండు మూడు మరలే పట్టుకుంటాయి. దిమ్మ మీద దిమ్మ పేర్చడం, పైపు ముక్కలు కోసి పెట్టడం నేను ఒప్పుకోను. నలిగిన రబ్బరు బుష్‌లుంటే ముందు అవి మార్చాలి. 500 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే రెంచ్‌తో) అన్నీ మళ్లీ చూడాలి.

శిక్షకుడు: 1 అంగుళం వరకు పెద్ద గొడవ ఉండదు. 2 దాటితే స్టీరింగ్ షాఫ్ట్ పొడిగించాలి, ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ సర్దాలి. ఫ్యాన్ ఇంజిన్‌కీ రేడియేటర్ బాడీకీ ఉన్న పాత బండ్లలోనైతే ఫ్యాన్ రెక్కలు ష్రౌడ్‌ని (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగుని) కోసేస్తాయి, ష్రౌడ్‌ని కిందికి దించాలి. 3 అంగుళాలంటే నేను వద్దనే చెబుతాను. బోల్టు మీద వంపు భారం బాగా పెరుగుతుంది, ప్రమాదంలో మౌంట్లు ఎలా తట్టుకుంటాయో ఎవరూ హామీ ఇవ్వలేరు.

యాంకర్: ఆర్టీవో సంగతి?

శిక్షకుడు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బీమా క్లెయిమ్‌కి కూడా చిక్కే. రోజూ రోడ్డెక్కే బండికైతే నా సలహా వద్దనే.

యాంకర్: ట్రాక్ కోసమే విడిగా బండి ఉంచుకున్నవాళ్లు?

మెకానిక్: కొనేముందు కొలవాలి. తెలిసినవాళ్ల దగ్గర ఆ సైజు టైరు తెచ్చి ఒక్కటి బిగించి, ఆ చక్రాన్ని ర్యాంపు ఎక్కించి స్ప్రింగ్ పూర్తిగా నలిగేలా చేయండి. స్టీరింగ్ రెండు వైపులా తిప్పి, ఎక్కడ తగిలితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తగిలేది ప్లాస్టిక్ లైనర్ ఒక్కటే అయితే లైనర్ కోసి, బంప్ స్టాప్ (స్ప్రింగ్ మరీ నలగకుండా ఆపే రబ్బరు దిమ్మ) కాస్త పొడవుది వేస్తే సరిపోతుంది. రేకు తగిలితే అప్పుడు 1 అంగుళం దిమ్మల గురించి మాట్లాడదాం.