హాలు బుక్ చేసే ముందు

వేదిక మీదున్న పెద్దలకు, ఈ సభ ఏర్పాటు చేసిన హెచ్‌ఆర్ విభాగం మిత్రులకు, ముఖ్యంగా వెనక వరుసల్లో కూర్చున్న సూపర్‌వైజర్లకు నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా పలకరించడం మర్యాద. నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. మన్నించాలి.

ఉద్యోగుల శిక్షణకు ప్రణాళిక ఎలా వేసుకోవాలో చెప్పమన్నారు. అవసరం గుర్తించడం, లక్ష్యం రాసుకోవడం, నేర్పడం, ఫలితం చూసుకోవడం అని నాలుగు భాగాలుగా రాసుకొచ్చాను. కానీ మొదటిదాని దగ్గరే నాకు బాధ ఎక్కువ. అక్కడే కాసేపు ఆగుతాను.

శిక్షణ మామూలుగా ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. ఏడాది చివరికొస్తుంది, బడ్జెట్ మిగిలిపోయి ఉంటుంది. ముందు హాలు బుక్ చేస్తారు. తర్వాత ట్రైనర్‌ని మాట్లాడతారు. ఆ తర్వాత, విభాగానికి ఇద్దరు చొప్పున పంపమని మెయిల్ వస్తుంది. ఆ రోజు ఎవరికి పని తక్కువుంటే వాళ్లు వెళ్తారు. నిజంగా నేర్చుకోవాల్సిన మనిషి సీట్లోంచి కదల్లేడు. పనంతా అతని నెత్తినే ఉంటుంది మరి.

ఒక సంస్థలో కస్టమర్ల ఫిర్యాదులు పెరిగాయి. కౌంటర్ దగ్గర గంటల తరబడి నిలబెడుతున్నారని, ముఖం చూసి మాట్లాడరని. మర్యాదగా మాట్లాడటం మీద శిక్షణ ఇవ్వమని యాజమాన్యం నన్ను పిలిచింది. ముందు కౌంటర్ వెనక కూర్చుని చూస్తానన్నాను. అక్కడ ఒకావిడ దరఖాస్తు వివరాలు ఒక్కొక్కటే స్క్రీన్ మీద ఎక్కిస్తున్నారు. అన్నీ అయ్యాక పై అంతస్తులో ఉన్న అధికారి సంతకం కావాలి. ఆవిడ కాగితం పట్టుకుని మెట్లెక్కి, ఆయన ఫోన్ ముగించేదాకా నిలబడి, సంతకం తెచ్చుకునేలోపు స్క్రీన్ లాగౌట్ అయిపోయింది. మళ్లీ మొదటి గడి నుంచి టైప్ చేయాలి. ఎదురుగా నిలబడ్డ పెద్దాయన గోడ గడియారం వైపు, ఈవిడ వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఆవిడ తల ఎత్తలేదు. ఎత్తితే ఆయన ఏదో అడుగుతారు, చెప్పడానికి ఈవిడ దగ్గర ఏమీ లేదు.

మీరే చెప్పండి. ఈవిడకు మర్యాద నేర్పి ఏం లాభం? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం అంటే ఇదే. లాగౌట్ సమయం పెంచండి, అనుమతి స్క్రీన్ మీదే ఇచ్చేలా మార్చండి, ఆ తర్వాత కూడా ఫిర్యాదులు వస్తే శిక్షణ సంగతి చూద్దాం అని రాసిచ్చి వచ్చాను. అయినా శిక్షణ జరిగింది, ఇంకొకరితో. హాలు అప్పటికే బుక్ అయిపోయింది కదా! ఆవిడ కూడా వెళ్లి, సర్టిఫికెట్ తీసుకుని, తిరిగొచ్చి అదే స్క్రీన్ ముందు కూర్చున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తప్పు ఆవిడదే అని ఒక కాగితం ముక్క మీద ముద్ర వేసి చేతికిచ్చినట్టు అనిపించింది నాకు.

అందుకే అడుగుతున్నాను. ఎవరికైనా శిక్షణ రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మనిషికి పని తెలియదా, తెలిసినా చేయనివ్వని అడ్డు ఏదైనా ఉందా? అవసరాన్ని సంస్థలో, పనిలో, మనిషిలో, మూడు చోట్లా వెతకాలని శిక్షణ మీద పుస్తకం రాసిన మెక్‌గీ, థాయర్ అనే ఇద్దరు 1961లోనే చెప్పారు. మనం నేరుగా మనిషి మీద పడతాం. మిగతా రెండింటి జోలికి పోం.

లక్ష్యం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 'అవగాహన కల్పించడం' అని రాయకండి, అది కంటికి కనబడదు. 'కొత్తగా చేరిన ఉద్యోగి ఎవరినీ అడక్కుండా రిఫండ్ దరఖాస్తు తప్పు లేకుండా పూర్తి చేస్తాడు' అని రాయండి. పక్కన కూర్చుంటే చేశాడో లేదో తెలిసిపోతుంది.

ఇక నేర్పడం. రెండో ప్రపంచ యుద్ధంలో అనుభవమున్న కార్మికులు సైన్యంలోకి వెళ్లిపోతే, అమెరికా ఫ్యాక్టరీల్లోకి ఎప్పుడూ యంత్రం ముట్టనివాళ్లు వచ్చారు. వాళ్లకు త్వరగా పని నేర్పడం కోసం 1940లో 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. ఎలా నేర్పాలో అది సూపర్‌వైజర్లకు నేర్పింది. రెండేసి గంటల చొప్పున 5 సార్లు, మొత్తం 10 గంటలు. నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయి, పని చేసి చూపించు, అతని చేత చేయించు, తర్వాత వెళ్లి చూడు. అంతే వాళ్ల పద్ధతి. కార్మికుడికి రాలేదంటే నేర్పినవాడు నేర్పనట్టే అని వాళ్ల సూత్రం. మన క్లాసుల్లో ఈ నాలుగింట్లో ఎన్ని జరుగుతున్నాయి? పని చూపించం, పని గురించి స్లైడ్లు చూపిస్తాం.

పైగా అంతా ఒక్కరోజులో కుక్కేస్తాం. మరుపు మొదట్లోనే వేగంగా సాగి, తర్వాత నెమ్మదిస్తుందని ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. ఆయన గుర్తుపెట్టుకుంది అర్థంలేని అక్షరాల గుంపులు, మన పని అంత అర్థంలేనిది కాదు, నిజమే. అయినా ఒక పూటలో ఆరు గంటలు వినిపించే బదులు వారానికి గంటన్నర చొప్పున నేర్పి, ప్రతిసారీ ముందు నేర్పినదాన్ని కాగితం చూడకుండా చేయించడం మేలు.

వెనక కూర్చున్న సూపర్‌వైజర్లూ, ఇప్పుడు మీతో మాట్లాడాలి. కుర్రాడు శిక్షణ నుంచి కొత్త పద్ధతి నేర్చుకుని వస్తాడు. 'అదంతా క్లాసులో బాబూ, ఇక్కడ మన పద్ధతిలో కానివ్వు' అంటారు మీలో కొందరు. ఆ ఒక్క మాటతో పెట్టిన ఖర్చంతా గాల్లో కలిసిపోతుంది. కానీ నెపం మీ మీద వేయను. క్లాసులో ఏం నేర్పారో మీకెవరూ చెప్పలేదు. మనిషిని తీసుకెళ్లారు, మీ టార్గెట్ మాత్రం ఒక్క అంకె కూడా తగ్గించలేదు. కొత్త పద్ధతిలో మొదటి వారం చెయ్యి నెమ్మదిస్తుందని, దానికి టైమ్ ఇవ్వాలని పైవాళ్లు ఒప్పుకోలేదు. నేర్చుకున్నది పనిలోకి రావాలంటే పనిచేసే చోట మద్దతు ఉండాలని 1988లో బాల్డ్విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు రాశారు. ఆ మద్దతు ఇవ్వాల్సింది మీరు, మీకు ఇవ్వాల్సింది ముందు వరుసలో కూర్చున్న మేనేజర్లు. సార్, ఈ మాట మీకే చెబుతున్నాను. శిక్షణకు పంపిన వారం ఆ విభాగం టార్గెట్ తగ్గించండి. క్లాసుకు ముందే ట్రైనర్‌ని, సూపర్‌వైజర్‌ని ఒక దగ్గర కూర్చోబెట్టండి.

ఫలితం చూసుకోవడానికి కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లో నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు కనబడిందా, సంస్థకు మేలు జరిగిందా. మనం మొదటి మెట్టు మీదే కూర్చున్నాం. సాయంత్రం ఐదింటికి, ఇంటికెళ్లే తొందరలో ఉన్నవాళ్ల చేత ఫారం నింపించి, ఐదుకి నాలుగున్నర వచ్చిందని రిపోర్టు పంపుతాం. నెల తర్వాత వాళ్ల పక్కన కూర్చుని చూసేవాళ్లేరీ?

హెచ్‌ఆర్ మిత్రులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది శిక్షణ క్యాలెండర్ నాకు చూపించారు. తేదీ, అంశం, హాలు, ట్రైనర్, అన్నీ ఉన్నాయి. దయచేసి దానికి ఇంకో రెండు గడులు కలపండి. పని జరిగే చోట కూర్చుని చూసి వచ్చింది ఎవరు? నెల తర్వాత మళ్లీ వెళ్లి చూసేది ఎవరు? ఆ రెండు గడుల్లో పేర్లు రాయలేని అంశాన్ని ఆ ఏడాదికి తీసేయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, సూపర్‌వైజర్లతోనే మొదలుపెడదాం.