బయాప్సీలో ఏమీ లేదన్నారు. మరి క్యాన్సర్ లేనట్టేనా?

నమస్తే. "నాన్నకు రక్తపరీక్షలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ప్రొటీన్) ఎక్కువొచ్చింది, సూదితో ముక్క తీసి చూసే బయాప్సీలో మాత్రం ఏమీ లేదన్నారు. ఇక టెన్షన్ లేనట్టే కదా?" ఊరి నుంచి ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నా మనసు ఊరుకోదు. లండన్‌లో మాస్టర్స్ చదువుతూ ప్రోస్టేట్ క్యాన్సర్ స్కాన్ల మీద ఒక పరిశోధనలో పనిచేశాను. అందుకే ఈ వీడియో.

మా అనంతపురం రైతునే తీసుకోండి. పాయింట్ పెట్టించకుండా పొలంలో పన్నెండు బోర్లు వేశాడు. ఒక్కదానిలోనూ నీళ్లు పడలేదు. అంటే పొలంలో నీళ్లే లేవనా? కాదు, ఆయన వేసిన చోట లేవు. పాత పద్ధతి బయాప్సీ అచ్చం ఇంతే. అల్ట్రాసౌండ్‌లో ప్రోస్టేట్ గ్రంథి కనిపిస్తుంది కానీ, లోపలి గడ్డ చాలాసార్లు కనిపించదు. అందుకని గ్రంథి అంతటా సమానంగా 10, 12 సూదులు దించుతారు.

అలా ఎన్ని తప్పిపోతున్నాయో తెలియాలంటే పొలమంతా బోర్లు వేసి చూడాలి. బ్రిటన్‌లో ప్రామిస్ అనే అధ్యయనంలో నిజంగా అదే చేశారు! 576 మందికి మత్తిచ్చి, గ్రంథి మొత్తం 5 మిల్లీమీటర్లకో సూది చొప్పున ముక్కలు తీశారు. ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ప్రమాదకరమైన క్యాన్సర్ ఉన్న ప్రతి 100 మందిలో పాత బయాప్సీ పట్టుకున్నది 48 మందిని. అదే మనుషులకు తీసిన ఎంఆర్‌ఐ స్కాన్ 93 మందిని. తర్వాత వచ్చేవాళ్ల కోసం అన్ని సూదులకు ఒప్పుకున్న ఆ మనుషులంటే నాకెంతో గౌరవం.

నా పని చూడ్డానికి చిన్నదే. ఎంఆర్‌ఐలో గుర్తించిన చోటును పాథాలజీ రిపోర్టుతో, అంటే బయాప్సీ ముక్కల్ని పరీక్షించి ఇచ్చిన రిపోర్టుతో సరిపోల్చి నమోదు చేయాలి. పేర్లుండవు, నంబర్లే. స్కాన్ చదివే డాక్టరుకు బయాప్సీ ఫలితం తెలియనివ్వరు, తెలిస్తే కన్ను అటే పోతుంది కదా. స్కాన్‌లో రోగి ఎడమ వైపు మనకు కుడిన కనిపిస్తుంది. ఒకసారి నేను అదే తారుమారు చేసి రాశాను. రెండోసారి సరిచూసేటప్పుడు దొరికింది. పాయింట్ ఇటు పెట్టి బోరు అటు వేసినట్టే! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. 2018లో వచ్చిన ప్రెసిషన్ అధ్యయనంలో 500 మంది. ముందు ఎంఆర్‌ఐ తీసినవాళ్లలో 28 శాతానికి అసలు సూదే అవసరం పడలేదు. అయినా ప్రమాదకరమైన క్యాన్సర్ దొరికింది 38 శాతంలో, పాత పద్ధతిలో 26. ఇంకొకటి: బోరులో కాస్త చెమ్మ తగిలితే దాన్ని నీళ్లు అనం. హాని చేయని చిన్న క్యాన్సర్లూ అలాంటివే, తక్కువ దొరికితేనే మేలు. అవి పాత పద్ధతిలో 22 శాతం, ఇందులో 9.

ఎంఆర్‌ఐ కూడా నూటికి నూరు కాదు. పీఎస్‌ఏ పెరుగుతూనే ఉంటే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే. అలాగని పీఎస్‌ఏ పెరిగితే క్యాన్సరే అనుకోవద్దు, ఇన్ఫెక్షన్‌తోనూ పెరుగుతుంది. ఇక పీఎస్‌ఎమ్‌ఏ పెట్ స్కాన్, అంటే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు వెలిగి కనిపించే స్కాన్, ముఖ్యంగా నీళ్లు పక్క పొలంలోకి పాకాయా, అంటే క్యాన్సర్ గ్రంథి దాటి పాకిందా అని చూడ్డానికి. అందులో లాలాజల గ్రంథులు కూడా వెలుగుతాయి, అది చూసి భయపడకండి.

నాన్న రిపోర్టు చేతిలో ఉంటే డాక్టరును ముందు ఇది అడగండి: "సూది దించే ముందు ఎంఆర్‌ఐ తీశారా అండీ?"