కైమా కూరిన ఉర్లగడ్డ బేక్: గంటన్నర టైమ్ పెట్టొచ్చా? తిరుపతి వంటింటి రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ చేస్తున్నది హోటలూ కాదు, మిక్సీ కాదు, ఒక వంట. ఉర్లగడ్డను తొక్కతోనే ఓవెన్‌లో కాల్చి, లోపలి గుజ్జు తీసి, కైమా కూరి మళ్ళీ కాలుస్తారు. ఫారిన్ వంటల వీడియోల్లో చీజ్ సాగదీస్తూ చూపిస్తుంటారు కదా, అదే. రాత్రికి ఇదొక్కటే చాలు, కడుపు నిండిపోతుంది అంటారు వాళ్ళు. మన అంగళ్ళలో దొరికే గడ్డతో, మన మటన్‌తో ఆ మాట నిలబడుతుందా లేదా అన్నదే ఈ వీడియో.

చివరిదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే చెప్పేస్తా. నిలబడుతుంది. కాకపోతే అందరి ధ్యాసా కైమా మీద, చీజ్ మీద ఉంటుంది. అసలు సంగతంతా తొక్కలో ఉంది. తొక్క కరకరలాడితే ఇది విందు భోజనం. మెత్తబడిందంటే ఆలూ కైమా కూర అంతే. ఆ కూరకి ఓవెన్ దేనికి, కుక్కర్ చాలు.

అందుకే గడ్డతో మొదలుపెడతా. అమెరికాలో దీనికి రస్సెట్ రకం వాడతారు. అందులో పిండి ఎక్కువ, తొక్క మందం. మనకి అది దొరకదు. మన దగ్గర ఎక్కువగా కనబడే పాత రకం కుఫ్రీ జ్యోతి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1968లో విడుదల చేసిన రకం అది. కర్ణాటకలో కూడా బాగా పండిస్తారు. పిండి రస్సెట్ అంత ఉండదు కానీ పని జరుగుతుంది. అంగట్లో రకం పేరు అడిగితే ఎవరూ చెప్పరు లెండి, కంటితో చూసి ఏరుకోవడమే. గోటితో గీరితే తొక్క ఊడొచ్చేది కొత్త గడ్డ, నీరు ఎక్కువ. అది వద్దు. తొక్క గట్టిగా అంటుకుని, కాస్త గరుకుగా, కోలగా ఉన్నది తీసుకోండి. ఒక్కోటి 200 నుంచి 250 గ్రాములు ఉండాలి. అన్నీ ఒకే సైజులో ఉంటేనే అన్నీ ఒకేసారి కాలతాయి. పచ్చబారిన గడ్డ మాత్రం పక్కన పడేయండి. దానిలో ఉండే సొలనిన్ అనే విషం ఎంత కాల్చినా పోదు.

ఇంకో సంగతి. కోల్డ్ స్టోరేజీలో బాగా చల్లగా ఉన్న గడ్డలో పిండి మెల్లగా చక్కెరగా మారుతుంది. కాలిస్తే లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది, తింటే తియ్యగా తగులుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే కథ. కాబట్టి గడ్డల్ని బయట బుట్టలోనే ఉంచండి.

సరే, కాల్చడానికొద్దాం. కడిగి, పొడి గుడ్డతో తడి లేకుండా తుడవాలి. ఫోర్క్‌తో అక్కడక్కడా గుచ్చాలి, ఆవిరి బయటికి పోవడానికి. చేత్తో కొంచెం నూనె, కల్లుప్పు దంచింది కొంచెం పట్టించాలి. ఓటీజీని, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్‌ని, 200 డిగ్రీలకి పది నిమిషాలు ముందే వేడి చేసి, గడ్డల్ని ట్రే మీద కాకుండా తీగల ర్యాక్ మీద నేరుగా పెట్టాలి. ఫాయిల్ చుట్టొద్దు. చాలా వీడియోల్లో చుడతారు, ఎందుకో నాకర్థం కాదు. ఫాయిల్ లోపల ఆవిరి నిలిచిపోయి గడ్డ ఉడుకుతుంది, కాలదు. దాదాపు గంట పడుతుంది. సన్నని చాకు గుచ్చితే ఎక్కడా అడ్డం లేకుండా దిగిపోవాలి. థర్మామీటర్ ఉన్నవాళ్ళు మధ్యలో 98 డిగ్రీలు చూసుకుంటే చాలు.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ ఉంటుంది కదా. మా ఓటీజీ 1500 వాట్లది. గంటసేపు ఆగకుండా వెలిగితే ఒకటిన్నర యూనిట్. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతూ ఉంటుంది కాబట్టి అంత కూడా కాదు.

ఎయిర్ ఫ్రయర్‌లో కూడా చేశాను. అదే 200 డిగ్రీల్లో ముప్పావు గంటలోపే అయిపోయింది. నిజం చెప్పాలంటే తొక్క ఓటీజీ కంటే బాగా వచ్చింది. కానీ బుట్టలో నాలుగు గడ్డలకి మించి పట్టవు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికైతే అదే మేలు. మైక్రోవేవ్ మాత్రం ఈ పనికి రాదు, తొక్క తోలులా తయారవుతుంది. ఏ మిషనూ లేనివాళ్ళు మందపాటి ఇనప బాండలిలో అంగుళం మందాన కల్లుప్పు పరిచి, గడ్డలు దాని మీద పెట్టి, మూత వేసి సన్న సెగన గంటకు పైగా ఉంచండి, మధ్యలో తిప్పుతూ. నిప్పుల్లో కాల్చిన గెనుసుగడ్డ పొలుసు లేచినట్టు తొక్క పొడిగా లేస్తుంది. ఆ ఉప్పును మళ్ళీ దీనికే వాడుకోవచ్చు.

ఇక కైమా. ఫారిన్ రెసిపీలో బీఫ్ కైమా, ఎర్రగడ్డ, మిరియాల పొడి, ఒక సాస్, అంతటితో సరి. అలాగే మటన్‌తో చేసి చూస్తే చప్పగా ఉంది. గడ్డే చప్పటిది, దానిలో చప్పటి కైమా కూరితే ఎవరు తింటారు? మన పద్ధతే దీనికి సరిగ్గా సరిపోతుంది. నాలుగు గడ్డలకి 300 గ్రాముల కైమా చాలు. మటన్ కిలో 800 దాటిపోయిన రోజుల్లో ఇది చిన్న విషయం కాదండోయ్, నలుగురికి అరకిలో కూడా పట్టడం లేదు. అంగట్లో “అన్నా, మరీ మెత్తగా కొట్టొద్దు, కొవ్వు కొంచెం ఉండనీ” అని చెప్పి కొట్టించుకోండి.

ఎర్రగడ్డలు బాగా వేగాక అల్లం తెల్లగడ్డ ముద్ద, పసుపు, కారం, కైమా వేసి, నీళ్ళు పోయకుండా దాని నీటిలోనే ఉడకనివ్వాలి. ధనియాలు, ఎండు కొబ్బరి, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క అప్పటికప్పుడు వేయించి దంచి వేస్తే వాసన పక్కింటికి పోతుంది. టమాటా ఒకటికి మించొద్దు. మదనపల్లె టమాటా ఎంత చౌకగా దొరికినా సరే, ఇక్కడ వద్దు. ఎందుకంటే కైమాలో నీరు మిగిలితే అది నేరుగా తొక్కలోకి దిగుతుంది. నీరంతా ఇగిరి గరిటె కింద నూనె కనబడాలి. అప్పుడు రెండు చెంచాల పుట్నాల పొడి కలపాలి. మనం కైమా ఉండలకి వేస్తాం కదా, అదే పొడి. మిగిలిన తడిని అది పీల్చేసుకుంటుంది, రుచి కూడా మనదే అవుతుంది. ఈ ఒక్క పొడి వల్లే మన రెసిపీకి వాళ్ళ రెసిపీ కంటే ఎక్కువ మార్కులు వేస్తున్నా.

గడ్డ ఓవెన్ నుంచి తీసిన వెంటనే నిలువునా కోసేయండి. చల్లారేదాకా ఉంచితే లోపలి ఆవిరి తొక్కను మెత్తబరుస్తుంది. చెంచాతో గుజ్జు తీసేటప్పుడు అర వేలు మందం గోడ వదలాలి. మరీ పలచగా గీకితే కూలిపోతుంది. ఖాళీ తొక్కలకి లోపల బయట నూనె రాసి, బోర్లించి, పది నిమిషాలు మళ్ళీ ఓవెన్‌లో పెట్టండి. చాలామంది వదిలేసే పని ఇదే. ఆ తర్వాత తీసిన గుజ్జులో సగం వెన్నతో మెదిపి కైమాలో కలిపి, కూరి, ఇంకో పదిహేను నిమిషాలు. మిగిలిన సగం గుజ్జు మర్నాడు దోశలోకి.

చీజ్ సంగతి అడుగుతారు. పిల్లలుంటే వేయండి, లేకపోతే అక్కర్లేదు. మసాలా కైమా మీద ప్రాసెస్డ్ చీజ్ పడితే రెండింటి రుచీ పోతుంది. సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ పిండితే అంతకంటే బాగుంది.

మా ఇంట్లో ఏమన్నారంటే, మా అమ్మ ప్లేటు చూసి “ఏమ్మే, తొక్కతోనే తినాల్నా?” అని అడిగింది. తిన్నాక ఇంకోటి వేయించుకుంది. నాయన రెండు ముక్కలు తిని, పక్కన గుప్పెడు అన్నం, మిరియాల రసం అడిగారు. కాబట్టి కడుపు నిండడం అన్నది మనిషిని బట్టి. ఒక్కొక్కరికి ఒక పెద్ద గడ్డ, పక్కన రసం ఉంటే రాత్రికి హాయిగా సరిపోతుంది. పదికి ఎనిమిది ఇస్తా. రెండు తగ్గించింది టైమ్‌కి. ఆఫీసు నుంచి ఏడున్నరకి ఇల్లు చేరి మొదలుపెట్టే వంట కాదిది. ఆదివారం వంట.

శనివారమైతే మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ముక్క ముట్టరు, పెరటాసి అనే తమిళ నెల వచ్చిందంటే కొందరు నెలంతా ముట్టరు. అప్పుడు నానబెట్టి గట్టిగా పిండిన మీల్ మేకర్‌ను మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, అదే మసాలాలో వేయండి. పిండడంలో మొహమాటపడొద్దు, తడి ఎక్కడుంటే తొక్కకి అక్కడ ముప్పు.

మిగిలిపోతే మూత పెట్టి పొయ్యి పక్కన వదిలేయకండి. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి, ఫాయిల్ చుట్టి బయట అస్సలు ఉంచొద్దు. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో, ఫాయిల్‌లోనే బయట వదిలేసిన కాల్చిన గడ్డలతో చేసిన డిప్ (అద్దుకుని తినే చట్నీ లాంటిది) తిని 30 మందికి బొటులిజం వచ్చింది, అంటే ఒక బ్యాక్టీరియా విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు. గాలి తగలని చోట ఆ బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. మర్నాడు ఓవెన్‌లోనో, మూత పెట్టిన పెనం మీదనో లోపలిదాకా పొగలొచ్చేలా వేడి చేసుకోండి. ఉప్పు బాండలి పద్ధతిలో ఎవరైనా చేస్తే మీకు ఎంతసేపు పట్టిందో కింద రాయండి. ఉంటానండీ.